ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?

డాక్టరమ్మ అడిగింది. నర్సులు అడిగారు. స్కానింగ్ సెంటర్లో చీటీలు రాసే పిల్ల అడిగింది. ఆఖరికి లిఫ్టు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్న వాచ్‌మన్ కూడా, తనకేదో సంబంధం ఉన్నట్టు అడిగాడు. "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావమ్మా?" జీవిత ఒక్కరికీ జవాబు చెప్పలేదు. అడిగినవాళ్ళు జవాబు కోసం ఆగితే కదా చెప్పడానికి! ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు మాత్రం ఒళ్ళు మండేది. అందుకే ఇన్నాళ్ళూ ఏం జరిగిందో నేను చెబుతాను.

నేను సుమతిని. అరవదేశంలో, తిరువొత్తియూరు కార్పొరేషన్ బడిలో ముప్పై ఏళ్ళుగా తెలుగు చెబుతున్నాను. నోటి దురుసు మనిషినని పేరు, ఆ పేరు ఊరికే రాలేదు. జీవిత నా దగ్గర అయిదు నుంచి ఎనిమిది దాకా చదువుకుంది. ఏడో తరగతిలో ఉన్నప్పుడు, పిల్లలు చాలడం లేదని మా తెలుగు సెక్షను ఎత్తేస్తామన్నారు. ఇంకా ఆరుగురుంటే ఉంచుతామన్నారు. నేను స్టాఫు రూములో కూర్చుని పైవాళ్ళను తిట్టుకుంటున్నాను. ఈ పిల్ల సాయంత్రం పూట జాలర్ల కుప్పాలూ రైలుకట్ట పక్క ఇళ్ళూ తిరిగి, ఇంట్లో తెలుగు మాట్లాడే పిల్లలను ఏరి తొమ్మిది మందిని పట్టుకొచ్చింది. "ఆరుగురు చాలు కదే" అంటే, "ముగ్గురు మానేస్తారు టీచర్, అందుకే ఎక్కువ తెస్తిని" అంది. ముగ్గురూ మానేశారు. సెక్షను నిలిచింది. జీవిత అంటే అట్లాంటి మనిషి.

పెద్దయ్యాక బట్టలు కుట్టి ఎగుమతి చేసే కంపెనీలో చేరింది. పొద్దుటి నుంచి నిలబడి, కుట్టిన చొక్కాల్లో తప్పులు పట్టే పని. ముత్తురాజ్‌ను పెళ్ళి చేసుకుంది. పేరు అరవమే గానీ మా తెలుగువాళ్ళ అబ్బాయే. మనలి ఫ్యాక్టరీల్లో కాంట్రాక్టు వెల్డరు. మాట తక్కువ, మంచివాడు. భార్య రాత్రి షిఫ్టు నుంచి వస్తే అన్నం వేడి చేసి పెట్టేవాడు, మా వీధిలో అది చిన్న సంగతి కాదు. వాళ్ళకు రాశి అని ఒక ఆడపిల్ల. ఆ పిల్లకు పదకొండో నెల నడుస్తుండగా, జూన్ రెండో వారంలో, షిఫ్టు దిగి బండి మీద వస్తూ ముత్తురాజ్ కంటైనరు ట్రైలరు కింద పడ్డాడు. ముప్పై ఒక్క ఏళ్ళు.

ఇక్కడ మా వీధి ఆచారం ఒకటి చెప్పాలి. మొగుడు పోయినప్పుడు, శవాన్ని ఎత్తకముందు, ఆడవాళ్ళంతా చూస్తుండగా వెడల్పాటి ఇత్తడి పాత్రలో నీళ్ళు పోసి పెడతారు. పక్కన గుప్పెడు మల్లెపూలు. ఆమె కడుపుతో ఉంటే, ఎన్ని నెలలైతే అన్ని పూలు నీళ్ళలో వేయాలి. రేపు ఆ బిడ్డ ఎవరిదని ఎవరూ వేలెత్తి చూపకుండా పెద్దవాళ్ళు పెట్టిన ఏర్పాటు. చెడ్డ ఉద్దేశంతో పెట్టింది కాదు. దాన్ని నడిపించేది అమ్మాసి అనే ముసలామె. వీధిలో చావుకైనా పురుడుకైనా ఆమే పెద్ద దిక్కు.

"తలకెప్పుడు పోసుకుంటివే?" అని అడిగింది అమ్మాసి. నెలసరి ఎప్పుడయిందని దాని అర్థం.

"పాప పుట్టినాక పోసుకోనేలేదు" అంది జీవిత. ఆ మాటైనా ఎవరో లోపలి నుంచి పలికించినట్టు అంది.

"పాలిచ్చే పిల్ల కదా, పాలిచ్చేటప్పుడు ఏముంటాది?" అన్నారు చుట్టూ ఉన్నవాళ్ళు. నేనూ తల ఊపాను. అదిగో, మేమంతా కలిసి చేసిన తప్పు అక్కడుంది. పాలిచ్చే తల్లికి నెలసరి రాకపోయినా కడుపు రావచ్చునని ఆ గుంపులో ఒక్కరికీ తోచలేదు. జీవిత ఒక్క పువ్వూ వేయలేదు. అమ్మాసి నీళ్ళు పారబోయించింది.

మూడో నెల మాసికం అయ్యేదాకా గడప దాటకూడదన్నారు. ఆదివారాలు నేను చూడటానికి వెళ్ళేదాన్ని. తిన్నది ఇమడటం లేదు, తల తిరుగుతోంది అనేది. "దుఃఖం కడుపులోకి దిగితే అట్లాగే ఉంటుంది, వేళకు తిను" అని నీతులు చెప్పి వచ్చేదాన్ని. ఇద్దరు పిల్లలను కన్నదాన్ని నేను! నాకెందుకు తట్టలేదంటే, పువ్వు పడలేదని నేనూ కళ్ళారా చూశాను కదా. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ నన్ను నేను చెంపలు వాయించుకోవాలనిపిస్తుంది.

జీవితకు రెండో నెలలో అనుమానం వచ్చింది. వచ్చి మాత్రం ఏం చేస్తుంది? వీధి మొదట్లో ఉన్నది చిన్నతంబి మందుల షాపు ఒక్కటే. తాళి తీసి రెండు నెలలు కాని మనిషి కడుపు చూసుకునే కిట్టు తెమ్మని ఎవరిని అడుగుతుంది? ఆయన దాన్ని కాగితంలో చుట్టేలోగా వీధి చివరి దాకా తెలిసిపోతుంది. అత్తనే అడుగుదామంటే, పచ్చయమ్మ కొడుకు ఫొటో ముందు నుంచి లేవడమే లేదు. పదిమందిలో లేదన్నాను కదా, లేదేమోలే అని తనకు తనే చెప్పుకుంటూ గడిపింది.

మాసికం అయిన మర్నాడు మా ఇంటికొచ్చింది. తలుపు వేసి, "టీచర్, లోపల ఏందో కొట్టుకుంటా ఉండాది" అంది.

ఆమెను అక్కడే కూర్చోబెట్టాను. రెండు స్టేషన్ల అవతలికి రైలెక్కి వెళ్ళి కిట్టు కొన్నాను. షాపువాడు నా నెరిసిన తలను ఎగాదిగా చూసి "మీకా మేడం?" అన్నాడు. "అవును, నాకే. నీకేమైనా కష్టమా?" అన్నాను. గబగబా చిల్లర ఇచ్చేశాడు.

రెండు గీతలు వచ్చాయి. జీవిత ఏడుస్తుందనుకున్నాను. ఆ కిట్టును కిటికీ దగ్గర పెట్టి చాలాసేపు చూసింది. "నాకు వద్దు టీచర్" అంది.

"బాగా ఆలోచించుకో. తొందరపడొద్దు."

"నెల నించీ అదే ఆలోచిస్తా ఉండా. ఆయన ఉంటే కనేదాన్ని, సంతోషంగా కనేదాన్ని. ఆయన లేడు. నేను రాశికే చాలడం లేదు. ఇంకో బిడ్డని కని రెండేళ్ళు ఇంట్లో కూచుంటే, కంపెనీలో నా జాగా ఉండదు. నాతోబాటు ఇద్దరూ చెయ్యి చాపుకోనుండాల. నేను అట్ల బతకను."

ఇక తిరుగుడు మొదలైంది. మొదట ఒక నర్సింగ్ హోముకు వెళ్ళాం. అక్కడి డాక్టరమ్మ "ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావు?" అని, "భర్తను పిలుచుకుని రా, సంతకం పెట్టాలి" అంది. చనిపోయాడంటే, "అయితే అత్తవారి వైపు మగవాళ్ళు ఎవరైనా" అంది. చట్టంలో అట్లాంటిది లేదని నాకు తర్వాత తెలిసింది. తెలిసుంటే ఆ రోజు ఆ గది పైకప్పు ఎగిరిపోయేది. స్కానింగ్ చేయించి రమ్మని పంపింది. స్కానింగ్‌కు మూడు రోజుల తర్వాత టైమిచ్చారు. రిపోర్టులో ఇరవై వారాల రెండు రోజులని వచ్చింది. అది పట్టుకుని పరుగెత్తితే, "అయ్యో, ఇరవై దాటింది కదా, మేము చెయ్యం" అంది. ఆ రెండు రోజులూ తిన్నది ఎవరమ్మా అని అడిగాను. జీవిత నా చెయ్యి పట్టుకుని బయటికి లాక్కొచ్చింది.

మరో రెండు నర్సింగ్ హోములు తిరిగేసరికి వారం పోయింది. పెద్దాసుపత్రికి వెళితే అది శనివారం, చూసే డాక్టరు లేరు. సోమవారం వెళితే భర్త ఏడన్నారు. పోయాడంటే, పోయినట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. చట్టం ఒప్పుకున్నా గుమాస్తాలు ఒప్పుకోరు, దేవుడు వరమిచ్చినా పూజారి వరమివ్వడనేది ఇందుకే.

ఆ సర్టిఫికెట్ పచ్చయమ్మ ట్రంకు పెట్టెలో ఉంది. "ఎందుకు గొడవ, కార్పొరేషన్ వెబ్‌సైటులో నేను తీసిస్తాను, మీ అత్తకు తెలియనే అక్కర్లేదు" అన్నాను.

"దొంగతనంగా వద్దు టీచర్. ఆయన ఆమె కొడుకు. ఆమెకు చెప్పే చేస్తా" అంది జీవిత.

చెప్పింది. నేనూ అక్కడే ఉన్నాను. పచ్చయమ్మ మొదట చేతులెత్తి దణ్ణం పెట్టింది. "నా బిడ్డ తిరిగొస్తా ఉండాడు, నా బిడ్డ తిరిగొస్తా ఉండాడు" అని గోడకు తల ఆనించి ఏడ్చింది. ఆ సంతోషం చూడలేక నేను చూపు తిప్పుకున్నాను. జీవిత మాత్రం ఎదురుగా కూర్చుని, ఏడుపు ఆగేదాకా ఆగి, తన నిర్ణయం చెప్పింది.

"నేను పెంచతా కదే!"

"నీకు అరవై మూడేండ్లు అత్తా. మోకాళ్ళు పట్టుకోని లేస్తా ఉండావు."

"అయితే నా కొడుకుని రెండోసారి చంపతావా?"

ఆ మాటకు జీవిత ముఖం తెల్లబోయింది. తర్వాత, "నువ్వు ఏమన్నా అనుకో అత్తా. నీకు చెప్పకుండా పోకూడదని చెప్పినా. కాగితం ఇస్తే తీసకపోతా. ఇయ్యకపోతే టీచర్ తీసిస్తాది. బుధవారం పోతా ఉండా" అంది.

పచ్చయమ్మ ట్రంకు పెట్టె మీద కూర్చుంది. లేవలేదు. మేము బయటికి రాగానే వెనకే వీధిలోకొచ్చి, గుండెలు బాదుకుంటూ అరిచింది. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుందని తెలియని మనిషి కాదు. దుఃఖం అట్లా చేయించింది. కోడలు కడుపుతో ఉందనీ, తీయించుకోవడానికి పోతోందనీ, తన వంశం పోతోందనీ అరిచింది. కోడలిని నలుగురూ ఆపుతారనుకుంది పాపం.

నలుగురూ ఇంకోటి విన్నారు. "పువ్వు వెయ్యలేదే! అందరి ముందరా లేదంటివే! మొగుడు పోయినాక వచ్చిందా కడుపు? అందుకే తీయించుకోను పరుగెత్తతా ఉండాదా?" అంది అమ్మాసి. ఆ ఒక్క మాటతో అయిపోయింది. మర్నాటికి, జీవిత మళ్ళీ పనికి పోతున్న కంపెనీ వ్యాను దాకా పాకింది. లోకులు కాకులని ఊరికే అనలేదు. పచ్చయమ్మ "నా కొడుకు బిడ్డే, నా కొడుకు బిడ్డే" అని ఎంత మొత్తుకున్నా ఎవరూ వినలేదు. తన నోటితో తనే కోడలి పరువు వీధిలో పారేశానని అప్పుడు తెలిసింది ఆమెకు.

"స్కానింగ్ కాగితం చూపించవే వాళ్ళకు. లెక్క చూడమను. ముత్తు పోయిన రోజుకే ఆరు వారాలు" అన్నాను నేను.

"చూపించను టీచర్. నేనేం తప్పు చేస్తినని చూపించాల?"

మంగళవారం రాత్రి పచ్చయమ్మ కోడలి చేతులు పట్టుకుంది. ఈసారి అరవలేదు. "కని చూపించు తల్లీ. వాడి ముక్కు, వాడి చెవులు చూస్తే వీళ్ళ నోళ్ళు పడిపోతాయి. నీ పేరు నిలబడతాది. ఇప్పుడు తీయించుకుంటే, ఇంక నువ్వు చచ్చేదాకా ఈ మాట పోదే" అంది.

నిజం చెప్పాలంటే నాకూ ఆ మాట సబబుగానే తోచింది. ఎందుకంటే ఆ వీధిలో నేనూ బతుకుతున్నాను. జీవిత చాలాసేపు రాశి తలలో వేళ్ళు పెట్టి జుట్టు చిక్కు తీస్తూ కూర్చుంది.

"వీధి నోరు మూయించేదానికి ఒక బిడ్డని కనాల్నా అత్తా?" అంది. "దాన్ని ఎత్తుకోని ఇంటింటికీ పోయి ముక్కు చూపించాల్నా? నా వల్ల కాదు. అనుకోనీ."

వెబ్‌సైటులో తీసిన సర్టిఫికెట్ పట్టుకుని బుధవారం వెళ్ళాం. ఇద్దరు డాక్టర్లు సంతకం చేయాలి, రెండో డాక్టరు సెలవు మీద ఉన్నారని అయిదు రోజులు ఆగమన్నారు. నేను బెంచీ మీద కూర్చుని ఏడ్చాను, సిగ్గేమీ లేదు చెప్పడానికి. ఇరవై నాలుగు వారాలు దాటితే ఇక ఏమీ చేయలేరని అప్పటికే విన్నాం. జీవిత ఏడవలేదు. రోజూ కంపెనీలో సగం పూట పర్మిషన్ అడిగి ఆసుపత్రికి వచ్చి, ఆ గది ముందు నిలబడేది. "మనం కనబడతా ఉంటేనే వాళ్ళకు గుర్తుంటాది టీచర్" అనేది.

ఆరో రోజు డాక్టర్ రంజని పిలిచింది. చిన్న వయసు, అరవమ్మాయి, తెలుగు బాగానే అర్థమవుతుంది. కాగితాలన్నీ తేదీల వారీగా పరిచి చూసింది. అందరూ అడిగే ప్రశ్నే అడుగుతుందని నేను పళ్ళు బిగించి కూర్చున్నాను.

"ఎన్నాళ్ళ నుంచి తిరుగుతున్నావు?" అంది.

జీవిత నోరు తెరిచింది మొదటిసారి. "ఇరవై రెండు రోజులు మేడం" అంది.

రంజని కలం పక్కన పెట్టింది. "గర్భంతో ఉండగా భర్త పోయిన స్త్రీకి ఇరవై నాలుగు వారాల దాకా చట్టం ఒప్పుకుంటుంది. ఇద్దరు డాక్టర్లం సంతకం చేస్తాం. నీ తరఫున నీ సంతకం చాలు. మీ అత్తది వద్దు, టీచర్‌ది వద్దు. నిన్ను ఎవరైనా బలవంతం చేశారా?"

"చెయ్యొద్దనే బలవంతం చేసినారు మేడం."

రంజనికి నవ్వొచ్చింది, ఆపుకుంది. జీవిత సంతకం పెట్టింది. ఆ రోజుకు ఇరవై రెండు వారాల నాలుగు రోజులు.

మొదటి మాత్ర ఇచ్చి, రెండో రోజు వార్డులో చేర్చుకున్నారు. మధ్యాహ్నం నుంచి నొప్పులు మొదలయ్యాయి. నేను పక్కనుండి నీళ్ళు తాగిస్తున్నాను. నాలుగు గంటలకు వార్డు తలుపు తోసుకుని పచ్చయమ్మ వచ్చింది. రాశిని పక్కింటి హైమకు అప్పగించి వచ్చిందట. వచ్చీ రాగానే తిట్టు. "పాపిష్టిదానా, రాతిగుండెదానా, నా ఇల్లు ఆర్పితివి కదే" అని తిడుతూనే చీర కొంగు నడుముకు బిగించి, మంచం ఎక్కి, కోడలి నడుం రెండు చేతులతో పట్టుకుంది. నొప్పి వచ్చినప్పుడల్లా అదిమి పట్టేది. "గాలి పీల్చు, గాలి పీల్చవే దయ్యమా!" రాత్రి దాకా ఆ తిట్లు ఆగలేదు, ఆ చేతులూ వదల్లేదు. జీవిత ఆ చేతుల మీదే తల పెట్టి అరిచింది.

అయిపోయాక నర్సు గుడ్డ కప్పిన ట్రే తీసుకుపోతుంటే పచ్చయమ్మ అడ్డం నిలబడింది. "నాకు ఇయ్యండి. వాడి పక్కన పెట్టుకుంటా" అంది. అట్లా ఇవ్వకూడదని నర్సు, ఇవ్వాల్సిందేనని ఈమె. రంజని వచ్చి జీవిత వైపు చూసింది.

జీవితకు కళ్ళు తెరవడానికే ఓపిక లేదు. "ఇయ్యండి మేడం. ఆమెకు కావాల" అంది. అప్పుడు ఏడ్చింది. గోడ వైపు తిరిగి, ఎవరూ ఓదార్చే వీలు లేకుండా ఏడ్చింది. కాగితం తెస్తే లేచి కూర్చుని సంతకం చేసింది.

మర్నాడు పొద్దున కొత్త తువ్వాలులో చుట్టిన ఆ చిన్న మూటతో పచ్చయమ్మ, పక్కన నేను, ఆటోలో బయలుదేరాం. శ్మశానానికి బడి వెనక రోడ్డున పోతే దగ్గర. పచ్చయమ్మ ఆటోను వీధిలోంచే పోనిమ్మంది. అమ్మాసి, మరో నలుగురు అరుగు మీద కూర్చున్న చోట ఆపమంది. మూటతో దిగింది.

"నా కొడుకు బిడ్డ. వాడు పోయిన నాటికే ఆరు వారాలు. ఈ ముండమోసిన వీధి అడగకపోయినా నేను చెప్తా ఉండా" అంది. మూటను గుండెకు ఆనించుకుంది. "వాడి పక్కన పెట్టను పోతా ఉండా. ఇంకొక్కసారి నా కోడలి మీద మాట పడిందంటే, మీ గడపలో మన్ను పోస్తా."

అమ్మాసి అరుగు దిగి నిలబడింది. ఆడవాళ్ళు శ్మశానంలోకి పోకూడదని కూడా గుర్తు చేయలేదు. లోపల రిజిస్టరు రాసే మనిషి తండ్రి పేరు అడిగాడు. "ముత్తురాజ్, రాయి" అంది పచ్చయమ్మ. అతను రాసేదాకా పుస్తకం మీంచి చూపు తీయలేదు.

జీవితను మూడో రోజు ఇంటికి పంపారు. రాశి వచ్చి ఒళ్ళో పడింది. పచ్చయమ్మ కంచంలో అన్నం పెట్టి, చారు పోసి, వేయించిన నెత్తళ్ళు వేసి ముందర పెట్టింది. ముత్తు పోయాక ఆ ఇంట్లో చేప వండటం అదే మొదటిసారి.

"నిన్ను క్షమించలా నేను" అంది. "తిను."

"నేను అడగలేదత్తా" అంది జీవిత. రాశికి ఒక ముద్ద పెట్టి, తను తినడం మొదలుపెట్టింది. రెండోసారి అన్నం కావాలని కంచం చాపింది. పచ్చయమ్మ వడ్డించింది.